ఊదకుండా చూపిన ఊపిరి

బల్ల సగం లోపలికి పోయాక ఆయన చేతిలోని రబ్బరు బంతిని నొక్కాడు.

అద్దానికి ఇవతల, మేమున్న చిన్న గదిలో గంట మోగింది. ఎమ్మారై యంత్రం నడిపే మలయాళీ ఆవిడ వెంటనే అంతా ఆపేసి, భయమేస్తోందా అని మైకులో హిందీలో అడిగింది. ఆయన పడుకున్న చోటి నుంచే నన్ను పిలిచాడు.

"అన్నా, గా కాగితంల అబద్ధం రాసినం. నా కంట్ల ఇనుము వడ్డది. రైసూత్‌ల పని జేసేటప్పుడు."

నేను హిందీలోకి మార్చి చెప్పేసరికి ఆవిడ ముఖం మారిపోయింది. తల తిప్పవద్దని, తొందరపడవద్దని మైకులో చెప్తూనే లోపలికి వెళ్ళి, బల్లను అంగుళం అంగుళంగా వెనక్కి రప్పించి, ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ బయటికి తెచ్చింది. స్కాన్ మొదలు కాకపోయినా ఆ గదిలో అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందట. కంట్లో ఇనుప రజను ఉంటే అది కదలవచ్చు. కన్నే పోవచ్చు.

తర్వాత ఆవిడ నా చేతిలోని ఫారం తీసుకుని ఒక ప్రశ్న మీద వేలు పెట్టింది. ఎప్పుడైనా లోహపు పని చేశారా, కంట్లో లోహపు ముక్క పడిందా అన్నది ప్రశ్న. పక్కన 'లేదు' గడిలో టిక్కు ఉంది. ఆ టిక్కు పెట్టింది నేను.

ఆయన చొక్కా వేసుకుంటూ నాతో అన్నాడు: "నువ్వేం ఫికర్ జేయకు అన్నా. అన్నీ లేదని కొట్టుమన్నది నేనే గద."

అలా కొట్టమని ఆయన అనలేదు. నిజానికి ఆయన్ని నేను అడగనే లేదు.

ముప్పై ఏళ్ళు ఒక తెలుగు దినపత్రికలో పనిచేశాను. చివరి పదేళ్ళు కరీంనగర్ డెస్కులో. ఇప్పుడు మస్కట్‌లోని అజైబాలో ఒక ప్రకటనల ఆఫీసులో కరపత్రాలు దిద్దుతుంటాను. సూపర్ మార్కెట్లవీ, క్లినిక్కులవీ, తెలుగులోనూ హిందీలోనూ. ఆయన వాళ్ళన్న జగిత్యాల వైపు మా పత్రికకు ఏజెంటుగా ఉండేవాడు. ఆ పరిచయంతో నేను మస్కట్ వచ్చిన కొత్తలో నా గది వెతుక్కుంటూ వచ్చి పలకరించాడు. అప్పటి నుంచి శుక్రవారాలు కలుస్తుంటాం. ఆయనకు నలభై ఆరేళ్ళు. ఊరి చివర మబేలా దాటాక ఉన్న ఒక రాళ్ళ షెడ్డులో పని. వంటింటి గట్ల మీద పరిచే పలకలు కోసి, అంచులు నున్నగా చేసి, ఇళ్ళకు తీసుకెళ్ళి బిగించే కంపెనీ అది.

షెడ్డులో రంపం మీద నీళ్ళు పడుతుంటాయి కాబట్టి దుమ్ము బురదగా మారి కిందికి పోతుంది. ఇబ్బంది ఇళ్ళ దగ్గరే. సింకు కోసం రాయికి కన్నం కోయడం చాలాసార్లు ఇంట్లోనే చేయాలి. గోడలకు రంగులు వేసి, అల్మరాలు బిగించిన వంటింట్లో బురద నీళ్ళు ఎవరూ ఒప్పుకోరు. అందుకని తలుపు మూసి, చేతి గ్రైండరుతో పొడిగా కోస్తారు. తొమ్మిదేళ్ళుగా సింకు కన్నాలన్నీ ఆయనవే. చెయ్యి కుదురు అని మేస్త్రీ మెచ్చుకుని ఆయన్నే పంపేవాడు. శుక్రవారం తలస్నానం చేసి వచ్చినా చెవుల మడతల్లో తెల్లటి పొడి కనిపించేది. నేను నవ్వుతూ పౌడరు ఎక్కువైందనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వు రాదు.

పోయినేడు వేసవి నుంచి రెండో అంతస్తులోని మా గదికి ఎక్కి వచ్చేటప్పుడు మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఆగినట్టు తెలియకుండా ఫోను తీసి చూసుకునేవాడు. రాయి కోసిన రోజు రాత్రి దగ్గు ఎక్కువ, సెలవులో తక్కువ. కటింగ్ నుంచి తప్పించి వేరే డ్యూటీ ఇవ్వమని కంపెనీని అడిగాడు. వాళ్ళు తమ డాక్టరు దగ్గరికి పంపారు.

అక్కడ ఎక్స్‌రే తీసి, పెద్దగా ఏమీ లేదన్నారు. తర్వాత ఊదే పరీక్ష. గొట్టం నోట్లో పెట్టుకుని గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఉదుటున బయటికి ఊది, ఆరు సెకన్లైనా ఆపకుండా ఊదుతూనే ఉండాలి. మనిషి ఎంత గట్టిగా ప్రయత్నించాడన్న దాని మీద ఆ పరీక్ష ఆధారపడుతుంది. ఆయన మూడుసార్లు ఊదాడు. మూడుసార్లూ మధ్యలో దగ్గొచ్చి తెగిపోయింది. టెక్నీషియన్ విసుక్కున్నాడట, సరిగ్గా ఊదు, నాటకాలొద్దని.

"ఊపిరి లేకనే గద వచ్చిన. ఊదు ఊదు అంటే ఏడికెళ్ళి దేవాలె? దుకాణంల కొనుక్కరావాల్నా?" అన్నాడు ఆయన ఆ శుక్రవారం. చెబుతున్నప్పుడు నవ్వుతున్నాడు గానీ చెయ్యి బిగిసి ఉంది.

రిపోర్టులో మూడు ముక్కలు రాశారు. రోగి పరీక్షకు సహకరించలేదు. ఫలితాన్ని లెక్కలోకి తీసుకోలేము. అన్ని పనులకూ ఫిట్. దాని ఆధారంగా హెచ్ఆర్ ఆఫీసు ఒక కాగితం తయారు చేసింది. నేను ఆరోగ్యంగా ఉన్నాను, నా పాత పనిలో చేరుతున్నాను అని ఆయన దాని మీద సంతకం పెట్టాలి. రెండు వారాల గడువు ఇచ్చారు.

రోగం ఉందన్నందుకు కాదు ఆయనకు కోపం, దొంగ అన్నందుకు. "తొమ్మిదేండ్లల ఒక్కనాడు డ్యూటీ ఎగ్గొట్టలే. జెరమొచ్చినా పోయిన. ఇప్పుడు నాటకమంటున్నరు. నేను పెట్ట సంతకం."

ఆ రోజుల్లోనే ఒక ఆసుపత్రి స్కానింగ్ విభాగం కరపత్రం నా బల్ల మీదికి వచ్చింది. అనుమానాలు తీర్చుకోవడానికి అక్కడి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఒమానీ ఆవిడ, నెమ్మదిగా, విడమరిచి చెప్పే మనిషి. కరపత్రంలో ఊపిరితిత్తులకు ఎమ్మారై అని ఒక వాక్యం ఉంది. ఎమ్మారైకి ఊపిరితిత్తులు సరిగ్గా కనపడవని ఎప్పుడో రాసిన గుర్తు, అందుకే అడిగాను. మీరు రాసింది నిజమేనన్నారు. ఆ యంత్రం ఒంట్లో నీరున్న చోటు నుంచి బొమ్మ తీస్తుంది, ఊపిరితిత్తుల్లో ఉండేదంతా గాలి, అందుకని మామూలుగా అవి నల్లటి ఖాళీలా పడతాయి. ఇప్పుడొక పద్ధతి వచ్చింది. మనిషి మామూలుగా ఊపిరి తీసుకుంటూ పడుకుంటే, యంత్రం గబగబా బొమ్మలు తీస్తూ పోతుంది. గాలి నిండినప్పుడు ఒక్కో చోటు కొంచెం నల్లబడుతుంది, గాలి పోయినప్పుడు తెల్లబడుతుంది. ఆ తేడాను కంప్యూటరు లెక్క కట్టి, గాలి ఎక్కడ ఆడుతోందో, ఎక్కడ ఆడటం లేదో రంగుల్లో చూపిస్తుంది.

"గట్టిగా ఊదక్కర్లేదా?" అని అడిగాను.

"ఊదక్కర్లేదు. నిద్రపోయినా ఫరవాలేదు," అన్నారు.

నేను ఆయన సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ఊదే పరీక్ష కుదరని మనుషుల కోసమే దీన్ని తెచ్చామని, ఇంకా కొత్త కాబట్టి రుసుము లేకుండా చేస్తానని, కానీ దీంతో ఏ కంపెనీ ఏమంటుందో తాను చెప్పలేనని అన్నారు. ఆయనకు చెప్తే ఒక్కటే అడిగాడు: "అండ్ల నాటకం ఆడరాదు గద?" రాదన్నాను. "గట్లయితే పోదాం పా."

ఆసుపత్రిలో ఫారం నాకిచ్చారు, నేను చదివి వినిపిస్తానని. నేను చదవలేదు. పెన్ను తీసి వరసగా 'లేదు' గడులన్నీ నింపుకుంటూ పోయాను. ఆయన పక్కన కూర్చుని చూస్తున్నాడు, తల ఊపుతున్నాడు.

గల్ఫ్ వచ్చిన ప్రతివాడికీ ఈ అలవాటు ఊళ్ళోనే మొదలవుతుంది. మెడికల్‌కు తీసుకెళ్ళే ఏజెంటు క్లినిక్కు మెట్ల దగ్గర అందరినీ నిలబెట్టి పాఠం చెప్తాడు. దగ్గుందా, లేదు. ఆపరేషనైందా, లేదు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా, లేదు. ఏది అడిగినా లేదు. ఒక్క 'ఉంది' అన్నావంటే అన్‌ఫిట్, వీసా పోయినట్టే. ఇక్కడికొచ్చాక రెసిడెంట్ కార్డు కోసం మళ్ళీ మెడికల్, మళ్ళీ అవే గడులు. కంపెనీ మారితే మళ్ళీ. అడిగినవాడు మన మంచికి అడుగుతున్నాడేమోనన్న ఆలోచన ఎవరికీ రాదు. నాకూ రాలేదు. ఎదుటి మనిషిని అడగకుండా ఒక్క అక్షరం రాయవద్దని డెస్కులో ఎంతమందికి చెప్పానో! నేను మాత్రం ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, అడగకుండా రాశాను.

రైసూత్ సంగతి తర్వాత కారిడార్‌లో కూర్చుని చెప్పాడు. ఈ షెడ్డుకు రాకముందు నాలుగేళ్ళు, ఒమాన్ దక్షిణాన ఉన్న ఆ ఊళ్ళో, పోర్టు పక్కన ఇనుప గేట్లు, పైపులు చేసే వర్క్‌షాపులో గ్రైండింగ్ చేశాడు. ఒకరోజు రజను లేచి కంట్లో పడింది. పక్కవాడు అగ్గిపుల్లకు దూది చుట్టి తీశాడు. చెబితే గాయమని రాస్తారు, రాస్తే డ్యూటీ పోతుందని ఎవరికీ చెప్పలేదు. మొత్తం వచ్చిందో లేదో ఆయనకూ తెలియదు.

"మరి లోపలికి పోయేదాకా ఎందుకు చెప్పలేదు?"

"ఆమె మైకుల జెప్పింది గద, అయస్కాంతం ఇనుమును గుంజుతదని. గప్పుడు యాదికొచ్చింది. ఊకుందామనుకున్న. మల్ల అనుకున్న, రేపు కన్ను పోతే కంపెనీవాళ్ళకు మంచిగ దొరుకుత. వీడు అబద్ధాలోడని అప్పుడే జెప్పినం గద అంటరు." తల అడ్డంగా ఊపి, "అనిపియ్య అన్నా వాళ్ళతోని," అన్నాడు.

ఆ రోజు కంటికి ఎక్స్‌రే తీశారు. ఇనుము లేదని తేలింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

రెండోసారి నేను ప్రతి ప్రశ్నా చదివాను. ఆయన ప్రతిదానికీ గట్టిగా, పక్క కుర్చీల వాళ్ళు తిరిగి చూసేలా చెప్పాడు. కంట్లో ఇనుము పడిందా? పడ్డది, తీసిండ్రు. దుమ్ములో పనిచేశారా? తొమ్మిదేండ్లు. పొగ తాగేవారా?

ఇక్కడ నేను ఆగాను. ఈ జవాబు కంపెనీ చేతికి పోతే ఏమవుతుందో చెప్పాను. బీడీ వల్లనే అంటారు, దుమ్ము మాటే ఎత్తరు.

"తాగిన. పదేండ్లు తాగిన, ఇడిసిపెట్టి ఆరేండ్లాయె. రాయి."

"రాయకపోయినా స్కాన్‌కు తేడా ఉండదు తమ్ముడూ."

"రాయి అన్నా. ఒకటి దాసిపెడితే మిగిలిందంత దాసినట్టే."

రాశాను.

లోపలికి వెళ్ళే ముందు ఇంకో పేచీ వచ్చింది. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. ఆయన మొలతాడుకు ఒక రాగి తాయెత్తు ఉంది. మొత్తం తీసేయమంది మలయాళీ ఆవిడ. తాయెత్తు తీస్తాను, మొలతాడు తీయనన్నాడు. దాన్ని తెంపేది మగమనిషి పోయినప్పుడేనని, బతికుండగా తానైతే తెంపుకోనని నాతో చెప్పించాడు. ఆవిడ దారాన్ని వేళ్ళతో నలిపి చూసి, నూలుదే కదా, ఉండనివ్వండి అంది. "మా ఊళ్ళో మావాళ్ళకూ ఇలాంటి పట్టింపులు ఉంటాయి," అని నవ్వింది. తాయెత్తు విప్పి నా జేబులో వేశాడు.

పావుగంట పట్టింది. అద్దంలోంచి ఆయన పాదాలు మాత్రమే కనిపించాయి, మేజోళ్ళు లేని పగిలిన మడమలు. లోపల ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ఆయన చేయవలసిందల్లా ఊపిరి తీసుకోవడం. చాలా కాలానికి ఈసారి ఆయన్ని ఎవరూ 'ఇంకా గట్టిగా' అని అనలేదు.

డాక్టరమ్మ తెర మీద చూపించారు. రెండు ఊపిరితిత్తులు, కింది భాగమంతా పచ్చగా, పైన రెండు వైపులా, కుడివైపు ఎక్కువగా, ముదురు నీలం మచ్చలు. కొన్ని మచ్చలు పూర్తి నలుపు. ఆయన తెర దగ్గరికి వంగి, ముట్టుకోకుండా వేలితో చూపించాడు.

"యే కాలా, హవా నహీ జాతా?"

"వహా తక్ బహుత్ కమ్ జాతీ హై," అన్నారు ఆవిడ, ఆ నల్లటి చోట్లకు గాలి చాలా తక్కువ పోతోందని, తనకు వచ్చిన హిందీలో.

నేనైతే ఆయన కుంగిపోతాడనుకున్నాను. ఆయన నిటారుగా నిలబడ్డాడు. "ఇగ జెప్పు అన్నా. గా దినం నేను ఊదిన్నా, నాటకమాడిన్నా?"

ఆవిడ అన్నీ వివరంగా రాసి ఇచ్చారు. ఏది చూపించలేదో కూడా రాశారు. గాలి ఎక్కడ ఆడటం లేదో ఈ బొమ్మ చెప్తుంది. ఎందుకు ఆడటం లేదో ఇదొక్కటే చెప్పలేదు. సీటీ స్కాన్ చేయించాలి. అప్పటిదాకా దుమ్ములో పని వద్దు. ఆ చివరి వాక్యం కింద నేను గీత గీయబోతే వద్దన్నారు. తాను రాసింది తాను రాసినట్టే ఉండనివ్వమన్నారు. ఆ మాటతో ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

గడువు చివరి రోజు కంపెనీ ఆఫీసుకు ఇద్దరం వెళ్ళాం. హెచ్ఆర్ ఆఫీసరు ఉత్తరాది మనిషి, మర్యాదస్తుడే, టీ తెప్పించాడు. రంగుల బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"యే క్యా రంగోలీ లే ఆయా భాయ్?"

"రంగోలీ నహీ సాబ్. మేరా సీనా హై," అన్నాడు ఆయన. ముగ్గు కాదు, నా ఛాతీ అని.

ఆఫీసరు నవ్వు ఆపి రిపోర్టు చదివాడు. బీడీ సంగతి కనపడగానే ముఖం వెలిగింది. ఇక్కడ నువ్వే చెప్పావు కదా, పదేళ్ళు తాగానని, ఇంక కంపెనీకి ఏం సంబంధం అన్నాడు హిందీలో. నేను ఏదో అనబోయాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"హా, పియా. ఇసీలియే లిఖ్వాయా. అబ్ ఆప్ భీ లిఖో సాబ్, నౌ సాల్ ధూల్ ఖాయా. మై అప్నా లిఖా, ఆప్ అప్నా లిఖో."

నేను తాగింది నేను రాశాను, మీ దగ్గర తిన్న దుమ్ము మీరు రాయండి అని. ఆఫీసరు, తమ పద్ధతిలో ఊదే పరీక్ష కాగితం ఒక్కటే చెల్లుతుందని, ఇలాంటి బొమ్మలకు రూలు లేదని అన్నాడు. రూలు లేదన్నది నిజమే కావచ్చు. తర్వాత సంతకం కాగితాన్ని, పెన్నును ఆయన ముందుకు జరిపాడు.

ఆయన పెన్ను ముట్టుకోలేదు. "డ్యూటీ కరూంగా. జో బోలో కరూంగా. కటింగ్ నహీ కరూంగా. సైన్ నహీ కరూంగా." ఏ పని చెప్పినా చేస్తాను గానీ కటింగ్ చేయను, సంతకం పెట్టను అని, ఒక్కో మాట చివర ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. గొంతు పెరగలేదు.

ఊరికి పంపించేస్తారేమోనని నాకు భయం వేసింది. ఆఫీసరు చాలాసేపు ఫోనులో అరబీలో ఎవరితోనో మాట్లాడాడు. పెట్టేసి, రేపటి నుంచి స్టోరుకు వెళ్ళు, ప్రస్తుతానికి, అన్నాడు. రాసి ఇమ్మని నేను అడిగాను. నోటిమాట చాలన్నాడు.

బయటికొచ్చాక మమ్మల్ని పికప్‌లో తీసుకొచ్చిన కడప భాయ్ బండి పక్కకు తీసి, "క్యా హువా మామూ, నౌక్రీ గయీ క్యా?" అని, ఉద్యోగం పోయిందేమోనన్న ఆదుర్దాతో అడిగాడు.

"నహీ గయీ మియా. గాలి కోసం కొట్లాడినం, స్టోరు దొరికింది," అన్నాడు ఆయన. దారిలో రెండుసార్లు దగ్గాడు. నేను నీళ్ళ బాటిల్ ఇస్తే తాగి, కిటికీ అద్దం దించుకుని కూర్చున్నాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఆయన స్టోరులో గ్లౌజులు, బ్లేడ్లు, మాస్కులు అందిస్తున్నాడు. మాస్కు లేకుండా బ్లేడు అడిగితే ఇవ్వడం లేదని, దాని మీద మేస్త్రీతో రోజూ గొడవేనని విన్నాను. సింకు కన్నాలకు ఇప్పుడు నిజామాబాద్ మనిషొకడు వెళ్తున్నాడు. సీటీ స్కాన్‌లో మచ్చలు కనిపించాయి. రాతి దుమ్ము వల్ల కావచ్చునని ఛాతీ డాక్టరు రాశాడు. కావచ్చునన్న ఆ మాటను కంపెనీ ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. ఆయన రెసిడెంట్ కార్డు మీద వృత్తి రాయి కోసే పని అనే ఉంది, అంటే ఎప్పుడు కావాలన్నా మళ్ళీ కటింగ్‌కు పంపవచ్చు. దాన్ని స్టోరు పనిగా మార్చమని రాతపూర్వకంగా మూడు అర్జీలు ఇచ్చాడు. నేను ఇది రాస్తున్న రోజు వరకు ఒక్కదానికీ జవాబు రాలేదు, కార్డు గడువు వచ్చే నెలాఖరుకు ముగుస్తుంది.